ప్రోగ్రామింగ్‌కు ఎలాంటి ల్యాప్‌టాప్, ఎంత నైపుణ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

అడిగేవాళ్లు మారుతున్నారు గానీ సందేహాలు మాత్రం అవే. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఎక్కడి నుంచైనా చదవొచ్చు, ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. "నెమ్మదిగా ఉంది" అనే ఫిర్యాదుకు కారణం మెషీన్ కావచ్చు, రాసిన కోడ్ కావచ్చు, ఇంకా చేతికి రాని అలవాటు కావచ్చు. ఏది కారణమో తేలకముందే డబ్బు ఖర్చుపెట్టేవాళ్లే ఎక్కువ.

## కొనడానికి ముందు

ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఖరీదైన ల్యాప్‌టాప్ ఉండాల్సిందేనా?

అక్కర్లేదు. మొదటి ఏడాదిలో పైథాన్‌లోనో, సీలోనో, జావాలోనో రాసే ప్రోగ్రాములు పదేళ్ల నాటి ప్రాసెసర్ మీద కూడా రెప్పపాటులో నడుస్తాయి. ఆ దశలో మెషీన్ మీద భారమంతా బ్రౌజర్‌ది, ఎడిటర్‌దే. హార్డ్ డిస్క్ కాకుండా ఎస్‌ఎస్‌డీ ఉండాలి, కీబోర్డ్ చేతికి కుదరాలి. ఈ రెంటి విషయంలో రాజీ పడొద్దు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచే ప్రోగ్రామ్), గేమ్ ఇంజిన్లు, డాకర్‌లో నాలుగైదు కంటైనర్లు (విడివిడి పెట్టెల్లా నడిచే ప్రోగ్రాములు) ఒకేసారి నడపడం లాంటి పనులుంటే మాత్రం లెక్క మారుతుంది.

8 జీబీ ర్యామ్ చాలా, 16 కావాలా, 32 తీసుకోవాలా?

విండోస్ 11 ఏ పనీ చేయకుండానే 3 జీబీ దాకా తీసుకుంటుంది. పదిహేను ట్యాబులు తెరిచిన బ్రౌజర్ మరో రెండు, మూడు జీబీలు లాగేస్తుంది. వీఎస్ కోడ్ ఎడిటర్, దాని ఎక్స్‌టెన్షన్లు, వెనక నడుస్తూ కోడ్‌లో తప్పులు చూపే లాంగ్వేజ్ సర్వర్ కలిసి ఇంకో జీబీకి తగ్గవు. అంటే 8 జీబీ దాదాపు అక్కడికే నిండిపోతుంది. నిండాక సిస్టమ్ ర్యామ్‌లోని పేజీలను ఎస్‌ఎస్‌డీలోకి నెట్టి, అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. విండో మారిస్తే స్క్రీన్ ఒక్క క్షణం బిగుసుకుపోవడానికి కారణం ఇదే. తొలి పాఠాలకు 8 సరిపోతుంది. ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 ఉండాలి. రెండు మూడు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్లు) ఒకేసారి నడిపేవాళ్లకు 32 వృథా కాదు.

ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చో లేదో కొనకముందే ఎలా తెలుస్తుంది?

స్పెసిఫికేషన్‌లో ఎల్‌పీడీడీఆర్ అని ఉంటే చిప్పులను దాదాపు ఎప్పుడూ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంటారు, పెంచే వీలుండదు. డీడీఆర్4 లేదా డీడీఆర్5 పక్కన ఎస్‌ఓ-డిమ్ అని రాసి ఉంటే స్లాట్ ఉన్నట్టు. కొన్ని మోడళ్లలో 8 జీబీ బోర్డుకు అతికి ఉండి, పక్కన ఒక స్లాట్ ఖాళీగా ఉంటుంది. ఆ స్లాట్ ఎన్ని జీబీల స్టిక్ తీసుకుంటుందో కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. డీడీఆర్4 స్టిక్, డీడీఆర్5 స్లాట్‌లో పట్టదు. రెంటికీ గాటు ఉన్న చోటు వేరు, కాబట్టి బలవంతంగా నొక్కొద్దు. రెండు స్లాట్లున్నప్పుడు 16 జీబీ ఒక్కటే పెట్టడం కంటే 8 చొప్పున రెండు పెడితే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు బాగా లాభం. కంపైలింగ్‌లో అంత తేడా కనిపించదు.

ఐ5, ఐ7 అని చూస్తే చాలదా? మిగతా అంకెలు, అక్షరాలు ఎందుకు?

చాలదు. ప్రాసెసర్ పేరు చివర 'యూ' ఉంటే తక్కువ వాట్లతో నడిచే రకం, దాని బేస్ పవర్ సాధారణంగా 15 వాట్లు. 'హెచ్' 45 వాట్ల తరగతి, 'హెచ్‌ఎక్స్' అంతకు మించింది. కాబట్టి పెద్ద ప్రాజెక్టును కంపైల్ చేసేటప్పుడు పాత 'యూ' రకం ఐ7ను కొత్త 'హెచ్' రకం ఐ5 తేలిగ్గా దాటేస్తుంది.

ఏఎండీ 7000 వరుసలో తికమక ఇంకా ఎక్కువ. అక్కడ చూడాల్సింది మూడో అంకె. రైజెన్ 5 7520యూలో ఉన్నది జెన్ 2, 7530యూలో జెన్ 3, 7540యూలో జెన్ 4. మూడింటి మీదా రైజెన్ 5 అనే ఉంటుంది, లోపల మాత్రం మూడు వేర్వేరు తరాలు. పైగా 7520యూకు నాలుగు కోర్లే, మిగతా రెండింటికి ఆరేసి. స్టిక్కర్ చూసి కొనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే కోడింగ్ కుదరదా?

వెబ్, మొబైల్, డేటాబేస్, సిస్టమ్స్ ప్రోగ్రామింగ్‌కు దాంతో పనే లేదు. దానివల్ల బరువు, వేడి పెరుగుతాయి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. గేమ్ డెవలప్‌మెంట్‌కు, త్రీడీకి, కుడా (గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయించే సాఫ్ట్‌వేర్) మీద నడిచే మెషీన్ లెర్నింగ్‌కు కావాలి. కుడా ఎన్‌విడియా కార్డుల మీదే నడుస్తుంది. అక్కడ కూడా ముందు చూడాల్సింది వీర్యామ్, అంటే కార్డులోని సొంత మెమరీ. 700 కోట్ల పారామీటర్ల మోడల్ 16 బిట్లలో 14 జీబీ తీసుకుంటుంది, 4 బిట్లకు కుదిస్తే 4 జీబీకి కాస్త దగ్గరగా వస్తుంది. ఇంకో మెలిక ఏమిటంటే కార్డు పేరు ఒకటే అయినా ఒక్కో ల్యాప్‌టాప్‌లో దానికి అందే పవర్ వేరు. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060ని 35 నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా పెట్టుకునే స్వేచ్ఛ తయారీదారులకు ఉంది. ఎన్ని వాట్లో రాయని మోడల్‌ను అనుమానించడమే మంచిది.

డెమో పీస్ చేతికి పది నిమిషాలే ఇస్తారు. బిల్డ్ నాణ్యత ఎలా పట్టుకోవాలి?

ముందు హింజ్, అంటే స్క్రీన్‌ను అడుగుభాగానికి కలిపే కీలు. మూతను ఒక మూల పట్టుకుని మెల్లగా ఎత్తండి. రెండో మూల వెనకబడి, మూత మెలి తిరిగిందంటే లోపలి షీట్ పలుచన. తెరిచాక టేబుల్‌ను తట్టండి, స్క్రీన్ ఊగి ఒకట్రెండు సార్లకే ఆగిపోవాలి. తర్వాత కీబోర్డ్ మధ్యలో 'జీ', 'హెచ్' కీల దగ్గర వేలితో గట్టిగా నొక్కండి. పళ్లెంలా లోపలికి వంగితే రోజూ గంటల తరబడి టైప్ చేసేవాళ్లకు చిరాకు తప్పదు.

అదే కీబోర్డ్ మీద మామూలు వాక్యాలు కాకుండా కోడ్ టైప్ చేసి చూడండి. కర్లీ బ్రాకెట్లు, సెమీకోలన్, అండర్‌స్కోర్, బ్యాక్‌టిక్. హోమ్, ఎండ్ కీలకు ఎఫ్ఎన్ నొక్కాల్సి వస్తోందా? పై కింది బాణం కీలను సగానికి కుదించారా? ఎంటర్ పక్కనే పవర్ బటన్ పెట్టారా? స్పెసిఫికేషన్ షీట్‌లో ఇవేవీ ఉండవు.

స్క్రీన్ విషయానికొస్తే 1920×1080 కంటే 1920×1200 మేలు, ఎడిటర్‌లో నాలుగైదు లైన్లు ఎక్కువ కనిపిస్తాయి. 250 నిట్స్ (వెలుగు కొలత), 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల పరిధి) అని రాసి ఉంటే అది చవక ప్యానెల్. వెలుతురున్న గదిలో వెలవెలబోతుంది, రంగులూ పాలిపోయి కనిపిస్తాయి. చివరగా వేడి గాలి ఎటు పోతుందో చూడండి. కుడి పక్క నుంచి పోతే మౌస్ పట్టిన చేతికి తగులుతూనే ఉంటుంది.

మ్యాక్, విండోస్, లినక్స్: ఏది?

ఐఫోన్ యాప్‌లు చేయాలంటే ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్‌లోనే నడుస్తుంది. విండోస్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాయాలంటే విండోస్. సర్వర్ పనులకు లినక్స్ సహజం, అయితే మిగతా రెంటిలోనూ ఆ పనులు చేసుకోవచ్చు. 2020లో వచ్చిన ఎమ్1 ప్రాసెసర్ నుంచి మ్యాక్‌బుక్‌లలో ర్యామ్ ప్రాసెసర్‌తో కలిసే ఉంటుంది. ఎంత కావాలో కొన్నరోజే తేల్చుకోవాలి.

సెకండ్ హ్యాండ్ బిజినెస్ ల్యాప్‌టాప్ తీసుకోవచ్చా?

థింక్‌ప్యాడ్ టీ సిరీస్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి అదే ధరకు దొరికే కొత్త చవక ల్యాప్‌టాప్ కంటే చాలాసార్లు మంచి బేరం. కీబోర్డ్ బాగుంటుంది, స్పేర్ పార్టులు దొరుకుతాయి, సర్వీస్ మాన్యువల్ బహిరంగంగా ఉంటుంది. కొనేముందు బయోస్‌లోకి (ఆన్ చేయగానే, విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్) వెళ్లి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే వదిలేయండి. ఈ రకం మెషీన్లు చాలావాటిలో బయోస్ పాస్‌వర్డ్ విడి చిప్‌లో ఉంటుంది, బోర్డు మీది చిన్న సెల్ పీకినా పోదు. విండోస్ మొదటి సెటప్‌లో ఏదైనా కంపెనీ లాగిన్ పేజీ వచ్చినా వద్దనుకోండి. విండోస్ 10కు సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ పైది కావాలి. లినక్స్ వాడేవాళ్లకు ఈ షరతు లేదు.

## చేతికొచ్చిన తొలి వారం

బాక్స్ విప్పగానే ఏమేం పరీక్షించాలి?

వాపసు గడువు ఉండగానే చేయాల్సినవి ఇవి. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీసి, డిజైన్ కెపాసిటీకి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీకి ఎంత తేడా ఉందో చూడండి. కొత్తదానిలో రెండూ దాదాపు సమానంగా ఉండాలి. పూర్తి తెలుపు, పూర్తి నలుపు బొమ్మలు స్క్రీన్ నిండా పెట్టి చచ్చిన పిక్సెల్స్ కోసం వెతకండి. ప్రతి పోర్టులో ఏదో ఒకటి గుచ్చి చూడండి. తర్వాత అరగంటపాటు అన్ని కోర్లకూ పని పెట్టండి, ఏదైనా పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును కంపైల్ చేసినా చాలు. మొదటి నిమిషంలో ఎన్ని గిగాహెర్ట్జ్, ఇరవయ్యో నిమిషంలో ఎన్ని అన్నది రాసుకోండి. కొంత తగ్గడం మామూలే. సగానికి పడిపోయిందంటే కూలింగ్ చాలడం లేదు.

లినక్స్ వేద్దామంటే ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించట్లేదు. ఎస్‌ఎస్‌డీ పోయిందా?

పోలేదు. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీని వీఎమ్‌డీ అనే పొర వెనక పెట్టి పంపుతారు. బయోస్‌లో దాన్ని ఆపేస్తే కనిపిస్తుంది. కానీ నేరుగా ఆపేస్తే విండోస్ బూట్ అవ్వక నీలి తెర వస్తుంది. వరుస ఇది: ముందు బిట్‌లాకర్ (డిస్కును తాళం వేసి ఉంచే విండోస్ సదుపాయం) రికవరీ కీని వేరే చోట రాసిపెట్టుకోండి, బయోస్ మారగానే విండోస్ దాన్ని అడిగే అవకాశం ఉంది. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సేఫ్ బూట్ టిక్ చేయండి. రీస్టార్ట్ చేసి బయోస్‌లో వీఎమ్‌డీ ఆపండి. విండోస్ ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక ఆ టిక్ తీసేయండి. పనిలో పనిగా ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపండి. లేకపోతే విండోస్ పార్టిషన్ సగం తెరిచినట్టే మిగిలిపోతుంది, లినక్స్ అందులో రాయనంటుంది.

డ్యూయల్ బూట్ తలనొప్పి ఎందుకు, డబ్ల్యూఎస్ఎల్ చాలదా?

చాలామందికి చాలు. డబ్ల్యూఎస్ఎల్ అంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం, డ్యూయల్ బూట్ అంటే రెంటినీ విడివిడిగా ఇన్‌స్టాల్ చేసుకోవడం. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉండాలి, ఏఎండీ బోర్డుల్లో దాని పేరు ఎస్‌వీఎమ్. డబ్ల్యూఎస్ఎల్ 2 మామూలుగా మొత్తం ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు, 8 జీబీ మెషీన్‌లో దీనికి సెట్టింగ్స్ ఫైల్‌లో పరిమితి పెట్టుకోవాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఒక్కచోట. ప్రాజెక్టును సీ డ్రైవ్‌లో ఉంచి, లినక్స్ వైపు నుంచి తెరుస్తారు. అప్పుడు ప్రతి ఫైల్ కోసమూ రెండు సిస్టముల మధ్య సరిహద్దు దాటాలి, గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) స్టేటస్ కూడా నత్తనడక నడుస్తుంది. ప్రాజెక్టును లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి మార్చండి.

## నేర్చుకుంటున్నప్పుడు

వీడియో చూస్తే అంతా అర్థమవుతోంది. ఖాళీ ఫైల్ ముందు కూర్చుంటే చేయి ఆడట్లేదు. ఏం చేయాలి?

చూసినదాన్ని గుర్తుపట్టడం ఒకటి, సొంతంగా పుట్టించడం ఇంకొకటి. వీడియో మొదటిదాన్నే నేర్పుతుంది. పది నిమిషాలు చూసి ఆపండి, విండో మూసేయండి, అదే ప్రోగ్రామ్‌ను చూడకుండా రాయండి. ఎక్కడ ఆగిపోయారో అదే ఆ రోజు నేర్చుకోవాల్సిన పాఠం. పూర్తయ్యాక ఒక్కొక్క షరతు మార్చండి. ఫైల్‌లో పదాలు లెక్కపెట్టే ప్రోగ్రామ్ అయితే ఎక్కువసార్లు వచ్చిన పది పదాలు చూపించమనండి, కామాలు, ఫుల్‌స్టాపులు పదానికి అంటుకోకుండా చూడండి, ఫైల్ ఖాళీగా ఉంటే ఏమవుతుందో చూడండి. ఈ మూడో మార్పు దగ్గరే అసలు ప్రోగ్రామింగ్ మొదలవుతుంది.

ఏ భాషతో మొదలుపెట్టాలి? రెండు నెలలకోసారి మారుస్తున్నా.

పైథాన్, జావాస్క్రిప్ట్, జావా, సీ: ఏదైనా ఫర్వాలేదు, మార్చడమే సమస్య. భాష మార్చిన ప్రతిసారీ లూపులు, ఫంక్షన్లు, లిస్టుల దాకా వచ్చి మళ్లీ మొదటికి వెళ్తున్నారు. ఫైళ్లు, ఎర్రర్ హ్యాండ్లింగ్, టెస్టులు, ఒక డేటాబేస్ ఉన్న చిన్న ప్రాజెక్టు ఒకే భాషలో పూర్తి చేశాకే రెండోది ఎత్తుకోండి.

ఎర్రర్ వస్తే తెరంతా అక్షరాలే. ఎక్కడి నుంచి చదవాలి?

భాషను బట్టి ఉంటుంది. పైథాన్‌లో అట్టడుగు లైన్ ముందు చదవాలి, ఏం జరిగిందో అక్కడుంటుంది. అక్కడి నుంచి పైకి వస్తూ మీ ఫైల్ పేరున్న మొదటి లైన్ దగ్గర ఆగండి. జావాలో 'కాజ్డ్ బై' అని ఎన్నిసార్లు వచ్చినా చివరిది మూల కారణం. సీలోనూ, సీ ప్లస్ ప్లస్‌లోనూ మొట్టమొదటి ఎర్రర్ ఒక్కటే సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి. ఒక్క సెమీకోలన్ పోతే దాని వెనక ఇరవై అబద్ధపు ఎర్రర్లు వస్తాయి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. పైథాన్‌లో 'నన్‌టైప్' వస్తువుకు అపెండ్ లేదని ఎర్రర్ వచ్చింది. అపెండ్ రాసిన లైన్‌లో వెతికితే తప్పేమీ కనిపించదు. ఆ వేరియబుల్‌లోకి నన్ ఎక్కడ వచ్చిందో చూడాలి. రెండు లైన్ల పైన పేర్ల లిస్టును సార్ట్ చేసి, ఫలితాన్ని మళ్లీ అదే వేరియబుల్‌లో పెట్టారు. లిస్టుకున్న సార్ట్ మెథడ్ ఉన్నచోటే సర్దేసి నన్‌ను తిరిగిస్తుంది. అంతే, లిస్టు మాయం. ఎర్రర్ బయటపడే చోటు, తప్పు జరిగిన చోటు వేరువేరుగా ఉండటం రోజూ జరిగేదే.

0.1కి 0.2 కలిపితే 0.3 రావట్లేదు. ప్రాసెసర్ లోపమా?

కాదు. దశాంశంలో 1ని 3తో భాగిస్తే ఎలా తెగదో, బైనరీలో 0.1 కూడా అలాగే తెగదు. దగ్గరి విలువను దాచుకుంటుంది, అందుకే 0.30000000000000004 వస్తుంది. ఏ మెషీన్ మీదైనా ఇంతే. ఇలాంటి సంఖ్యలు సమానమా అని నేరుగా అడగొద్దు, తేడా చిన్న హద్దులోపు ఉందా అని అడగండి. డబ్బు లెక్కలకు ఫ్లోట్ (ఇలా దశాంశాలను సుమారుగా దాచే టైప్) అసలు వాడొద్దు, అతి చిన్న నాణెంలో పూర్ణాంకంగా ఉంచండి లేదా డెసిమల్ టైప్ వాడండి.

గిట్ ఇప్పుడే కావాలా, ఉద్యోగంలో చేరాక నేర్చుకుంటే సరిపోదా?

ఇప్పుడే. ఇనిట్, యాడ్, కమిట్, డిఫ్, లాగ్ వస్తే మొదటి నెలకు చాలు. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు ఉన్న ఫైళ్లను మొదటి కమిట్‌కు ముందే గిట్‌ఇగ్నోర్‌లో రాయండి. బహిరంగ రిపోజిటరీలోకి కీ ఒకసారి వెళ్తే, తర్వాతి కమిట్‌లో చెరిపినా చరిత్రలో ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం.

ఏఐ కోడ్ రాసిపెడుతోంది కదా, మేం నేర్చుకోవడం ఎందుకు?

అది రాసింది సరైనదో కాదో చెప్పాల్సింది మీరే కాబట్టి. అసలు లేని లైబ్రరీ పేర్లను కూడా అది ధీమాగా రాసేస్తుంది. అలాంటి పేర్లతో హానికరమైన ప్యాకేజీలు పెట్టి కాచుకునేవాళ్లూ ఉన్నారు. ఇన్‌స్టాల్ చేసేముందు ప్యాకేజీ అసలు పేజీ, దాని సోర్స్ చూడండి. అది ఇచ్చిన కోడ్‌లో ఏ లైన్ ఎందుకుందో చెప్పలేకపోతే ఆ లైన్ మీ ప్రాజెక్టులోకి రాకూడదు. నేర్చుకునే దశలో కోడ్ అడగడం కంటే మీ కోడ్‌ను ఏ ఇన్‌పుట్ పడగొడుతుందో అడగడం ఎక్కువ లాభం.

## నెమ్మదించినప్పుడు

నేను రాసిన ప్రోగ్రామ్ గంటలు తీసుకుంటోంది. ల్యాప్‌టాప్ మార్చాలా?

ముందు లెక్క వేయండి. లక్ష పేర్ల జాబితాలో రెండుసార్లు వచ్చినవాటిని పట్టుకోవడానికి ప్రతి పేరునూ మిగతా అన్నిటితో పోలిస్తే 1000 కోట్ల పోలికలు. రెట్టింపు వేగమున్న ల్యాప్‌టాప్ ఆ సమయాన్ని సగం చేస్తుంది, అంతే. అదే జాబితాను ముందు సార్ట్ చేస్తే సుమారు 17 లక్షల పోలికలతో పనైపోతుంది. సెట్‌లో (ఒక పేరు ఇప్పటికే ఉందో లేదో వెంటనే చెప్పే నిల్వ) వేసుకుంటూ పోతే లక్షసార్లు వెతికితే చాలు. గంటలు సెకన్లయ్యేది ఇలాంటి మార్పుతోనే.

ఏది నెమ్మదో ఊహించొద్దు. పైథాన్‌లో సీప్రొఫైల్ లాంటి ప్రొఫైలర్ నడపండి, ఏ ఫంక్షన్‌లో ఎంత సమయం పోతుందో చూపిస్తుంది. వెబ్ యాప్‌లలో దోషి చాలాసార్లు డేటాబేసే. వంద ఆర్డర్లు తెచ్చాక, ఒక్కో ఆర్డర్ కస్టమర్ పేరు కోసం విడిగా ఒక్కో క్వెరీ, అంటే 101 క్వెరీలు. ఒక్క జాయిన్‌తో (రెండు పట్టికలను కలిపి తెచ్చే క్వెరీ) పోయేదానికి కొత్త ప్రాసెసర్ కొన్నా ఏం లాభం?

కోడ్ బాగానే ఉంది, బిల్డ్‌కే నిమిషాలు పడుతోంది. ఎక్కడ ఇరుక్కుంటోంది?

బిల్డ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. అన్ని కోర్లూ 100 శాతంలో ఉంటే ప్రాసెసరే హద్దు, కోర్లు ఎక్కువున్న మెషీన్ నిజంగా పనికొస్తుంది. ఒక్క కోరే శ్రమిస్తుంటే లింకింగ్ (కంపైల్ అయిన ముక్కలను ఒక్క ప్రోగ్రామ్‌గా కలపడం) లాంటి ఒంటరి దశ, ఎన్ని కోర్లున్నా మారదు. ర్యామ్ నిండి డిస్క్ పనిచేస్తూనే ఉంటే ర్యామ్ చాలట్లేదు. ప్రాసెసర్‌లో పెద్ద వాటా యాంటీవైరస్ తింటుంటే, నోడ్ మాడ్యూల్స్ లాంటి వేల చిన్న ఫైళ్లను అది ఒక్కొక్కటిగా స్కాన్ చేస్తున్నట్టు. విండోస్ 11లో డెవ్ డ్రైవ్ (ప్రాజెక్టుల కోసం విడిగా పెట్టుకునే డ్రైవ్) ఇందుకే ఉంది. యాంటీవైరస్‌ను మొత్తంగా ఆపేయొద్దు.

కాసేపటికే వేడెక్కి, ఫ్యాన్ హోరుమంటూ నెమ్మదిస్తోంది. ఎందుకు?

ప్రాసెసర్ 95 నుంచి 100 డిగ్రీల దగ్గరకు చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పరుపు మీద, ఒళ్లో పెట్టుకుంటే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. గట్టి బల్ల మీద పెట్టి వెనక అంచును రెండు సెంటీమీటర్లు ఎత్తినా తేడా కనిపిస్తుంది. ఏడాదికి పైబడితే హీట్‌సింక్ రెక్కల్లో దుమ్ము తెరలా పేరుకుని ఉండొచ్చు. ఆపి, వెనక మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ విడదీసి, ఫ్యాన్ రెక్కలను వేలితో కదలకుండా పట్టుకుని గాలి ఊదాలి. పట్టుకోకపోతే ఫ్యాన్ అతి వేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. మూడు నాలుగేళ్లయితే ఎండిన థర్మల్ పేస్ట్ మార్చడం మిగిలిన పని.

ఎస్‌ఎస్‌డీ నిండితే వేగం తగ్గుతుందా?

తగ్గుతుంది. చాలా ఎస్‌ఎస్‌డీలు ఖాళీ స్థలంలో కొంత భాగాన్ని వేగవంతమైన తాత్కాలిక నిల్వగా వాడుకుంటాయి. స్థలం తగ్గేకొద్దీ అదీ కుంచించుకుపోతుంది, చవక క్యూఎల్‌సీ రకాల్లో రాసే వేగం దారుణంగా పడిపోతుంది. 15 నుంచి 20 శాతం ఖాళీగా ఉంచండి. ప్రోగ్రామర్ల డిస్కును తినేసేవి సాధారణంగా పాత డాకర్ ఇమేజ్‌లు, ప్యాకేజీ క్యాష్‌లు, వాడని ఎమ్యులేటర్లు.

## పాతబడుతున్నప్పుడు

ఎప్పుడూ ఛార్జర్ పెట్టే ఉంచొచ్చా?

ఉంచొచ్చు, 80 శాతం పరిమితి పెట్టి. లిథియం బ్యాటరీని అరగదీసేవి నిండు ఛార్జ్, వేడి. రెండూ కలిస్తే మరీ త్వరగా అరుగుతుంది. చాలా కంపెనీల యాప్‌లలో, కొన్నిటి బయోస్‌లో ఈ పరిమితి ఉంటుంది. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోయినా, అడుగుభాగం ఉబ్బి బల్ల మీద ఊగినా బ్యాటరీ ఉబ్బుతున్నట్టే. వెంటనే ఆపి, ఛార్జర్ తీసి, బ్యాటరీ మార్పించండి. దాన్ని గుచ్చడం, నొక్కడం చేయొద్దు.

టైప్-సీ ఛార్జర్ ఏదైనా పెట్టొచ్చా?

పవర్ డెలివరీ ఉన్నదైతే ల్యాప్‌టాప్, ఛార్జర్ మాట్లాడుకుని వోల్టేజ్ తేల్చుకుంటాయి, హాని లేదు. 65 వాట్లు అడిగేదానికి 45 ఇస్తే మెల్లగా ఎక్కుతుంది, బిల్డ్ నడుస్తుంటే ఛార్జర్ ఉన్నా బ్యాటరీ తగ్గొచ్చు. 60 వాట్లు దాటాలంటే కేబుల్ కూడా 5 ఆంపియర్లదై ఉండాలి. ల్యాప్‌టాప్‌లోని ప్రతి టైప్-సీ పోర్టూ ఛార్జింగ్ తీసుకోదు, ప్రతిదీ మానిటర్‌కు బొమ్మ పంపదు. పోర్టు పక్కన గుర్తు చూడండి.

హింజ్ దగ్గర ప్లాస్టిక్ విరిగి, తెరిస్తే కటకటమంటోంది. అతికిస్తే నిలుస్తుందా?

ముందు తెరవడం, మూయడం ఆపండి. విరిగింది సాధారణంగా హింజ్ కాదు, దాని స్క్రూలు దిగే ఇత్తడి నట్లను పట్టుకున్న ప్లాస్టిక్. హింజ్ బిగుసుకుపోయి ఉండటం వల్ల ప్రతిసారీ ఆ బలం నట్ల మీద పడి, అవి ఊడొస్తాయి. సూపర్ గ్లూ నాలుగు రోజులు కూడా ఆగదు. రెండు భాగాల ఎపాక్సీతో నట్లను తిరిగి కూర్చి, ఒక రోజంతా గట్టిపడనిచ్చి, హింజ్ నట్‌ను పావు చుట్టు వదులు చేస్తే కొంతకాలం నడుస్తుంది. శాశ్వతంగా కావాలంటే ఆ కవర్‌నే మార్చాలి. పార్ట్ నంబర్ పాత కవర్ లోపలి వైపు స్టిక్కర్ మీద ఉంటుంది. కవర్ మార్చినా హింజ్ వదులు చేయకపోతే కొత్తది కూడా అక్కడే విరుగుతుంది.